‘విదేశీయులకు గదులు ఇవ్వబడవు’ అను బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి సముఖానికి,

నల్లగొండ వాస్తవ్యుడు, పదవీ విరమణ చేసిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు మా బస్టాండుకు దగ్గరలోని ఒక లాడ్జిలో, మేనేజరు తల వెనుక, వేంకటేశ్వరస్వామి పటానికీ తాళంచెవులు వేలాడే చెక్కకూ నడుమ, పసుపు రేకు మీద ఎర్రని అక్షరాలతో కొలువుతీరి ఉన్నారు. ‘ఇవ్వబడవు’ అన్న కర్మణి ప్రయోగం చూసి నేను ముచ్చటపడ్డాను. ఇవ్వనిది ఎవరో చెప్పకుండానే పని జరిపించేస్తుంది కదా!

తమరి పక్షాన ఉన్న న్యాయం ముందుగా ఒప్పుకుంటాను. విదేశీయుడు బసకు దిగిన 24 గంటలలోగా అతని పాస్‌పోర్టు, వీసా వివరాలను అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ వివరాలు పంపే ‘సి ఫారం’ పేరు వింటేనే లాడ్జి వాళ్లు హడలిపోయేది ఇందుకే. 2025 సెప్టెంబరు 1న పాత చట్టాల స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చినా కబురు పెట్టే బాధ్యత తప్పలేదు. పన్నెండు గదులు, ఒకే ఒక్క మేనేజరు, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే కంప్యూటరు ఉన్న చోట అది బరువే. అయితే చట్టం అడిగింది కబురు పెట్టమని మాత్రమే, గెంటివేయమని కాదు. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలలో, హోటళ్లలో జాతి, కులం, పుట్టిన చోటు చూసి అడ్డగించరాదని చెబుతుంది గానీ, ఆ రక్షణ ‘పౌరుని’కే ఇచ్చింది. ఆ ఒక్క మాట చాటునే తమరు ఇంత ధీమాగా వేలాడుతున్నారని నా అనుమానం.

ఇక నేను కళ్లారా చూసినవి. మొన్నటి పెళ్లికి మా మేనల్లుడు అమెరికా నుండి వచ్చాడు. వాడు అక్కడి పౌరుడై పదేళ్లు దాటింది కాబట్టి చట్టం లెక్కన ముమ్మూర్తులా విదేశీయుడు. మేనేజరు వాడికి ఏసీ గది తాళంచెవి అందించి, ‘మన పిలగాడే గద సార్’ అన్నాడు. తరువాతి నెలలో ఫ్రాన్సు నుండి ఒక జంట వచ్చింది. వారికి గది దొరకలేదు గానీ, మేనేజరు కుర్చీలోంచి లేచి, రెండు చాయ్‌లు తెప్పించి, వేరొక హోటలుకు ఫోను చేసి, తానే ఆటో ఎక్కించి వచ్చాడు. మూడవవాడు హైదరాబాదులో చదువుకుంటున్న సూడాన్ విద్యార్థి. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పగలంతా కదలకుండా నిలిచే నీడ సంగతి నా ద్వారా విని, దాని వెనుక ఉన్న కాంతి లెక్క తేల్చుకోవాలని వచ్చాడు. అతడు బ్యాగు కింద పెట్టకముందే మేనేజరు చెయ్యి ఊపేశాడు. నేను కల్పించుకుంటే, ‘ఠాణా చుట్టు తిరుగుడు మాతోని కాదు సార్’ అన్నాడు. ఫారం ఒక్కటే, ఠాణా ఒక్కటే. మరి మొదటివాడికి తాళంచెవి, రెండవవారికి చాయ్, మూడవవాడికి చెయ్యి ఊపడం ఏ లెక్క ప్రకారం వచ్చాయో, జీవితమంతా లెక్కలు చేసిన నాకు అంతుపట్టలేదు. ముగ్గురినీ ఒకే తీరుగా వెనక్కి పంపి ఉంటే అది బద్ధకమని సరిపెట్టుకుని ఈ ఉత్తరం వ్రాయకపోదును.

తమరి బంధువు ఒకరు జపానులో ఉండేవారు. హొక్కైడో దీవిలోని ఒటారు పట్టణంలో ఒక స్నానశాల, తాగి అల్లరి చేసే రష్యా నావికుల బాధ పడలేక, విదేశీయులకు ప్రవేశం లేదని బోర్డు పెట్టింది. అమెరికాలో పుట్టి జపాను పౌరసత్వం పుచ్చుకున్న ఒకాయన పౌరసత్వ పత్రం చూపించినా, ముఖం చూసి వెనక్కి పంపారు. అల్లరి చేసిన వాడిని బయటకు పంపవచ్చు గానీ, అందరినీ ఒక గాటన కట్టి ఆపడం వివక్షేనని 2002లో సప్పోరో జిల్లా కోర్టు తేల్చి, ముగ్గురు ఫిర్యాదుదారులకు తలా పది లక్షల యెన్‌లు ఇప్పించింది. అక్కడ పౌరుడు ముఖం వల్ల బయట నిలిచాడు. తమరి ఏలుబడిలో పరాయి పౌరుడు ముఖం వల్లనే లోపలికి వచ్చాడు. వియ్యం అందుకోదగిన వంశాలు!

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వారు సాగర్ బుద్ధవనానికీ, పోచంపల్లి మగ్గాల వద్దకూ, పాలమూరు పిల్లలమర్రికీ వచ్చినప్పుడు డప్పులతో, కోలాటాలతో స్వాగతం పలికాం. అప్పుడు తమరు ఎక్కడ తలదాచుకున్నారో తెలియదు. అంతకు చాలా ముందు, మూడవ శతాబ్దంలో, ఇదే కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో సింహళ దేశపు భిక్షువుల కోసం ప్రత్యేకంగా విహారం ఉండేది. శాసనం ఉంది, చూసుకోవచ్చు. అలాగని తమరిని పరాయి సరుకని కొట్టిపారేయలేను. మా పల్లెల చాయ్ హోటళ్లలో కొందరికి వేరే గ్లాసు పెట్టిన రోజులు ఎరిగినవాడిని కనుక తమరి తాతగారి పరిచయం నాకు ఉంది. ముంబైలోనూ గల్ఫులోనూ అద్దె గది కోసం నిలబడే పాలమూరు కూలీలు తమరి అన్నదమ్ములను అక్కడి భాషల్లో చదువుతూనే ఉంటారు.

ఒక విషయం ఆలస్యంగా గమనించాను. తమరు తెలుగులో మాత్రమే ఉన్నారు. తమరిని చదవగలిగిన విదేశీయుడు ఇంతవరకూ మా మేనల్లుడు ఒక్కడే; వాడికి తమరు వర్తించరు.

ఆ సాయంత్రం సూడాన్ కుర్రవాడు తమరి వైపు చూపించి, అక్కడ ఏమి వ్రాసి ఉందని నన్ను అడిగాడు. గదులు ఖాళీ లేవని వ్రాసి ఉందన్నాను. అతడు తమరి పక్కన వేలాడుతున్న తాళంచెవులను చూశాడు, తరువాత నన్ను చూశాడు, ఏమీ అనకుండా బ్యాగు భుజానికి వేసుకున్నాడు.

ఇట్లు,
తమరి తరఫున అబద్ధమాడిన
నల్లగొండ వాస్తవ్యుడు