మూఢంలోనూ అద్దె కట్టాలి

పెళ్లి ఫొటోలకు రేటు చెప్పగానే ఎక్కువమంది అనే మాట, "ఒక్క రోజు పనికి అంతా?" నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో దానికి జవాబు తెలియక "మీకెంతలో కుదురుతుందో చెప్పండి అంకుల్" అనేవాణ్ని. అంతే, బేరం నా చేయి దాటిపోయేది. ఇప్పుడు కొత్తగా కెమెరా పట్టిన పిల్లలూ అదే మాట అంటుంటే బాధేస్తుంది.

అది ఒక్క రోజు పని కాదు. 12 గంటల షూట్‌లో మూడు నాలుగు వేల ఫొటోలు వస్తాయి. వాటిని ఏరాలి, రంగులు సరిచేయాలి, ఆల్బమ్ డిజైన్ చేయాలి. "మా తోడికోడలి ఫొటో పెద్దది పెట్టండి" అన్నాక మళ్లీ పేజీలు మార్చాలి. కనీసం మరో ఐదు రోజులు పడుతుంది. ఏడాదికి 40 పెళ్లిళ్లంటే 240 రోజుల పని.

40 కన్నా ఎక్కువ చేద్దామన్నా ముహూర్తాలు ఉండాలి కదా. ఆషాఢంలో లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. వీటికి తోడు మూఢం వస్తుంది. శుక్రమూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. ముహూర్తాలున్నప్పుడేమో ఒకే రోజున నలుగురు అడుగుతారు, ఒక్కరికే వెళ్లగలం. ఖాళీ నెలల్లోనూ ఇంటద్దె, కెమెరా ఈఎంఐ, పిల్లల ఫీజులు ఆగవు. అందుకే రేటును రోజు లెక్కన కాదు, ఏడాది లెక్కన కట్టుకోవాలి.

ఇంటి ఖర్చు నెలకు 40 వేలు అనుకుందాం, ఏడాదికి 4.8 లక్షలు. స్టూడియో అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్, హార్డ్ డిస్కులు, ఇన్సూరెన్స్ కలిపి 1.2 లక్షలు. ఆరు లక్షల కెమెరాలు, లెన్సులు నాలుగేళ్లలో మార్చాలంటే ఏడాదికి 1.5 లక్షలు పక్కన పెట్టాలి. మొత్తం 7.5 లక్షలు. 40 పెళ్లిళ్లకు పంచితే ఒక్కోదానికి 18,750 రూపాయలు. ఇందులో రెండో కెమెరామన్ కూలీ లేదు, ఆల్బమ్ ప్రింటింగ్ లేదు, ప్రయాణం లేదు, రేపటికి దాచుకునే రూపాయి కూడా లేదు. ఇవన్నీ కలిపి 25 వేలకే ఒప్పుకున్న కుర్రాడు తన కెమెరాను కొంచెం కొంచెంగా అమ్ముకుంటున్నట్టే.

పైగా జీలకర్ర బెల్లం పెట్టే ఆ అరనిమిషం మళ్లీ రాదు. తెల్లవారుజామున 3 గంటల ముహూర్తంలో మెమరీ కార్డు పాడైతే మనం ఏ జవాబూ చెప్పలేం. రెండు కార్డుల్లో ఒకేసారి సేవ్ చేసే కెమెరా, బ్యాగులో అదనంగా ఇంకో కెమెరా, ఇంటికొచ్చాక రెండు డిస్కుల్లో కాపీ, ఇవన్నీ ఆ భయానికి పెట్టే ఖర్చు. ఈ మాట కస్టమర్‌కు నెమ్మదిగా చెప్తే అర్థం చేసుకుంటారు. చాలామంది ఫొటోగ్రాఫర్లు చెప్పరు, అదే ఇబ్బంది.

బ్యాలెన్స్‌ను ఆల్బమ్‌తో ముడిపెట్టొద్దు. ఫొటోలు సెలెక్ట్ చేసివ్వడానికి కొందరు ఏడాది తీసుకుంటారు, అప్పటిదాకా మన డబ్బూ ఆగుతుంది. ఫొటోలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చే రోజే లెక్క తేల్చుకోవాలి.

షాపుల యాడ్ షూట్లకు వెళ్లేవాళ్లు ఇంకోటి గమనించాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించిన ఫొటోలకు తీయించినవారే తొలి హక్కుదారులు. వాట్సాప్ స్టేటస్‌కని తీసిన ఫొటోను రేపు హోర్డింగ్ మీద పెట్టినా అడగలేం. ఎక్కడ, ఎంతకాలం వాడతారో ముందే కాగితం మీద రాసుకుని, దాన్నిబట్టి రేటు చెప్పాలి.

మొన్న ఒక పెద్దాయన కూతురి పెళ్లికి అడగడానికి వచ్చారు. "అంత పెట్టలేను బాబూ" అన్నారు, ఆయన నిజమే చెప్పారు. రేటు తగ్గించలేను, పని తగ్గిస్తానన్నాను. కాగితం మీద ఒక్కో పనికీ పక్కన దాని ధర రాసిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, డ్రోన్ కొట్టేశారు, ప్రీ వెడ్డింగ్ షూట్ కొట్టేశారు. రెండో కెమెరా దగ్గర పెన్ను ఆగింది. "ఇది ఉండనివ్వు" అన్నారు.