గేటు అతకమంటే కోసిన మామ

కడపలో ఇంటి గేటు బందు ఊడితే జరిగేది ఒకటే. వెల్డింగ్ షాపుకు ఫోన్ చేస్తే మేస్త్రీ "సాయంత్రం వస్తా సార్" అంటాడు. ఆ సాయంత్రం వారం తరువాత వస్తుంది. అసలు ప్రమాదం ఈ వారంలోనే ఉంది. కొత్తగా రిటైరైన మామ ఇంట్లో ఖాళీగా ఉంటాడు. చేతిలో సెల్లు. సెల్లులో ఎవడో నల్లద్దాలు పెట్టుకుని 10 ఎం.ఎం. ఇనుప ప్లేటును సుద్దముక్కతో గీత గీసినట్టు కోసి అవతల పారేస్తుంటాడు.

నాలుగో రోజుకు సెల్లులో చూసిన ఆ కోత మిషన్, ప్లాస్మా కట్టర్, ఇంటికొచ్చింది.

"ఇదెందుకు మామా? వెల్డింగ్ మిషన్ కదా తెచ్చుకోవాల్సింది?" అన్నాడు మేనల్లుడు.

"వెల్డింగ్ మిషన్ ఎవరింట్లోనైనా ఉంటాది లేరా. ఇది ప్లాస్మా! ఇరవై వేల డిగ్రీలు!"

"అది కోసేది కదా?"

"అంత వేడికి అతక్కుండా యాడికి పోతాదిరా ఇనుము?"

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. వెల్డింగ్‌లోనూ ప్లాస్మాలోనూ ఇనుము కరుగుతుంది, నిజమే. తేడా అంతా కరిగిన తరువాత దాని గతి ఏమిటన్న దాంట్లో ఉంది. వెల్డింగులో రాడ్డు కూడా కరిగి సందులోకి దిగుతుంది. రాడ్డు పైపూత పొగై గాలిని దగ్గరికి రానివ్వదు, తరువాత స్లాగు అనే గట్టి పెచ్చై అతుకును కప్పేస్తుంది. ప్లాస్మాలో అలాంటి దయాదాక్షిణ్యాలు లేవు. ఒక ఎం.ఎం. ఉందా లేదా అనిపించే రంధ్రంలోంచి గాలి దూసుకొచ్చి, కరిగిన ఇనుమును కరిగినట్టే కిందికి ఊదేస్తుంది. ఊదడమే దాని ఉద్యోగం. అతకమని ఎంత బతిమాలినా వినదు.

మామ రెండో లెక్క ఇంకా గొప్పది. "వెల్డింగ్ మిషన్ 200 ఆంపులంట, ఇది నలభయ్యే. కరెంటు బిల్లు కూడా కలిసొస్తాది." వినడానికి ఎంత బాగుందో! కానీ ఆంపులొక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, పక్కన వోల్టులుంటాయి. ఇంటి పనికి రాడ్డును 100 ఆంపుల మీద నడిపితే ఆర్క్ వోల్టేజి 24 దరిదాపుల్లో ఉంటుంది, అంటే 2,400 వాట్లు. ప్లాస్మా 40 ఆంపులే, కానీ వోల్టేజి 96 దాకా పోతుంది. అది 3,840 వాట్లు. మిషన్ లోపల పోయే నష్టం దీనికి అదనం. దాని పక్కన కంప్రెసర్ కూడా తిరగాలి. ఇంత లోడును పాత ఇంటి 16 ఆంపుల సాకెట్టుకు, అదీ మిక్సీ కోసం కొన్న సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సు గుండా తగిలిస్తే ఏమవుతుంది? ఎం.సి.బి. టప్పున పడింది. లోపల టీవీలో సీరియల్ కోడలు నిజం చెప్పబోతోంది. చెప్పకుండానే పోయింది. అత్తమ్మ వరండాలోకి వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు, అదే భయం.

కంప్రెసర్ సంగతి మామకు డబ్బా విప్పాకే తెలిసింది. వీడియోలో అది గోడ అవతల ఉంటుంది, కెమెరాకు దొరకదు. నలభై ఆంపుల కట్టర్‌కు 4 నుంచి 5 బార్ల ఒత్తిడి, నిమిషానికి సుమారు 120 లీటర్ల గాలి కావాలి. మామ టైర్లకు గాలి పట్టే చిన్న కంప్రెసర్ తెచ్చాడు: ఒక హెచ్.పి., 24 లీటర్ల ట్యాంకు. ట్యాంకులో 8 బార్లు నిండినా అది 5కు దిగేలోపు వాడుకోగలిగేది మూడు ఇరవైనాలుగుల డెబ్బయిరెండు లీటర్లే. నడుస్తూ కంప్రెసర్ కొట్టే గాలి కలుపుకున్నా నిమిషం కొంచెం దాటితే గొప్ప. ఆపైన ఒత్తిడి పడిపోతుంది, మంట తడబడుతుంది, మామ ఆగుతాడు, కంప్రెసర్ మాత్రం వీధంతా వినపడేలా రొద పెడుతుంది. ప్లాస్మాతో తెరిపి లేకుండా కోయాలంటే కనీసం 2 లేదా 3 హెచ్.పి.ల కంప్రెసర్, దానికి తగ్గ పెద్ద ట్యాంకు ఉండాలి. గాలిలో తేమ ఉంటే మరో తంటా. కడప ఎండలో తేమేంది అనుకోవద్దు. గాలిని నొక్కి కుక్కినప్పుడు అందులోని తేమ నీళ్లై ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ నీళ్లు టార్చిలోకి (చేత్తో పట్టుకుని కోసే భాగం) వస్తే దాని మూతికుండే నాజిల్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, లోపల మంట పుట్టించే ఎలక్ట్రోడ్ నడుమ గుంత పడుతుంది. ఆ గుంత ఒకటిన్నర ఎం.ఎం. దాటితే ఎలక్ట్రోడ్ మార్చాల్సిందే. మధ్యలో నీళ్లను పట్టే ఫిల్టర్ పెట్టి, రోజూ ట్యాంకు అడుగు వాల్వు తిప్పితే ఇదంతా తప్పుతుంది. కోత అయ్యాక కూడా గాలి కాసేపు వస్తుంటుంది, అది టార్చి చల్లారడానికి. మామ దాన్ని వృథా అనుకుని గబుక్కున స్విచ్చి కట్టేశాడు.

ఇక అసలు ఘట్టం. లుంగీ, హవాయి చెప్పులు, చలువ కళ్లద్దాలు. (వెల్డింగ్ పనికి 10 లేదా 11 నంబరు నల్లద్దం కావాలి. ప్లాస్మాకూ దాని ఆంపులకు తగ్గ అద్దం ఉంటుంది. చలువ కళ్లద్దాలు దేనికీ పనికిరావు. పని చేసేటప్పుడు ఏమీ తెలియదు, అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. అప్పుడు ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.) ఎర్తు క్లాంపును, అంటే కరెంటు తిరిగిపోయే దారిని, రంగు మీదే తగిలించాడు. మంట రాలేదు. మిషన్ను రెండు తిట్లు తిట్టాడు. మేనల్లుడు రంగు గీకి మళ్లీ తగిలించాక భగ్గుమంది. ఊడిన బందును గేటుకు ఆనించి, అతుకుతుందన్న నమ్మకంతో మామ టార్చిని మెల్లగా, చాలా మెల్లగా నడిపించాడు. మెల్లగా నడిపితే కోత ఇంకా వెడల్పు అవుతుంది. బందు సగమై పడింది. గేటు స్క్వేర్ పైపు వేలు దూరేంత తెరుచుకుంది. కరిగిన ఇనుము కింద పరిచిన కడప బండ మీద పడగానే బండ టపటప పేలి రేకులు రేకులుగా లేచింది. నిప్పురవ్వ ఒకటి లుంగీలోంచి దారి చేసుకుని పోయింది.

"ఈ బండను కూడా కోస్తాదేమో చూద్దామా?" అన్నాడు మామ, ధైర్యం చెడకుండా. కోయదు. కరెంటు పారే వాటినే ప్లాస్మా కోస్తుంది: ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం, రాగి. బండ, చెక్క, ప్లాస్టిక్కు జోలికి అది పోదు.

మేస్త్రీ చెప్పిన సాయంత్రం ఎట్టకేలకు వచ్చింది. గేటు చూశాడు, మామను చూశాడు. "సార్, ఒకచోట ఊడింది అన్నారు కదా?" అన్నాడు. తరువాత మాటల్లేవు. గ్రైండర్‌తో రంగు, తుప్పు పోయి ఇనుము తెల్లగా తేలేదాకా కొట్టాడు. తెరుచుకున్న చోట లోపలికి చిన్న పట్టీ ముక్క పెట్టాడు. 2.5 ఎం.ఎం. మందం, 6013 రకం రాడ్డు, 75 ఆంపులు. పైపు 16 గేజి, అంటే 1.6 ఎం.ఎం. మాత్రమే. దాని మీద 3.15 ఎం.ఎం. రాడ్డును 120 ఆంపుల్లో పెడితే అతుకు బదులు బొక్క పడుతుంది. కొత్త బందు మందం కాబట్టి మంటను ఎక్కువసేపు దాని వైపే ఉంచి, పైపు మీదికి తాకీ తాకనట్టు తెచ్చాడు. ముందు రెండు చివర్లా టాకాలు వేసి, గేటు మూసి తెరిచి చూసి, ఆ తరువాతే పూర్తిగా నింపాడు. ఒకేసారి ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే అతుకు చల్లారుతూ గుంజుకుని గేటు వంకర పోతుంది.

ఇంట్లో చిన్న పనులకు మొదట కొనాల్సింది 200 ఆంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్, నాలుగంగుళాల గ్రైండర్. వోల్టేజి ఎంతదాకా దిగినా మిషన్ నడుస్తుందో డబ్బా మీద చూసి కొనాలి, ఊరి చివర కాలనీల్లో మోటార్లన్నీ వేసే వేళకు అది అక్కరకొస్తుంది. ఈ రెంటికీ కలిపి కంప్రెసర్‌తో సహా ప్లాస్మాకు పెట్టినంత కాదు. స్క్వేర్ పైపు, యాంగిల్, ఫ్లాటు కోయడానికి సన్నటి కటింగ్ డిస్కు చాలు. డిస్కుతో అతకలేము, అందుకే వెల్డింగ్ ముందు. స్టెయిన్‌లెస్ రేకులో వంపులు, గుండ్రాలు, డిజైన్లు తరచూ కోసేవాళ్లు ప్లాస్మా గురించి ఆలోచించొచ్చు.

మామ కట్టర్ ఇప్పుడు మేస్త్రీ షాపులో ఉంది. అక్కడ పెద్ద కంప్రెసర్ ఉంది, కోసే పనీ ఉంది. చిన్న కంప్రెసర్ మాత్రం ఇంట్లోనే మిగిలింది. అత్తమ్మ దాంతో కూలర్ దుమ్ము కొట్టిస్తోంది, కిటికీ జాలీలు కొట్టిస్తోంది, పక్కింటి స్కూటర్ టైర్లకు కూడా గాలి పట్టిస్తోంది. ట్యాంకు అడుగు వాల్వు తిప్పడం మామ ఇప్పటికీ మరిచిపోతూనే ఉన్నాడు.