విలన్ గారి మీసం: ఏకసభ్య కమిషన్ నివేదిక

డాలస్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు పోయిన ఆదివారం వీడియో కాల్ చేసి ఒక సందేహం నా నెత్తిన పెట్టింది. "మామయ్యా, హాలీవుడ్ కార్టూన్లలో విలన్లందరూ అటు మగా కాదు, ఇటు ఆడా కాదు అన్నట్టుంటారెందుకు? నా ట్రాన్స్ ఫ్రెండ్స్‌లో కొందరు ఆ విలన్లే మావాళ్ళంటున్నారు. కొందరేమో మమ్మల్ని విలన్లని చేసేశారని మండిపడుతున్నారు. ఎవరు రైటు?"

మా ఇంట్లో పెసరట్టులో అల్లం వెయ్యాలా వద్దా అన్న దానిమీద కూడా నా అభిప్రాయం అడిగే దిక్కు లేదు. అలాంటిది అంతర్జాతీయ సమస్యే వెతుక్కుంటూ వచ్చింది. అక్కడికక్కడే నన్ను నేను ఏకసభ్య కమిషన్‌గా వేసుకున్నాను. అధ్యక్షుణ్ణి నేనే, కార్యదర్శిని నేనే. టీ ఖర్చు మాత్రం మా ఆవిడ ఖాతాలో.

కమిషన్‌కున్న అర్హత ఒక్కటే. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో పద్యనాటకం వేస్తే నేను తెర వెనక దూరేవాణ్ణి. అక్కడ ద్రౌపది ముక్కాలి పీట మీద కూచుని బీడీ కాలుస్తుండేది. సాయంత్రమే నున్నగా గీసుకున్న గడ్డం, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పట్టుచీర. పక్కనే దుర్యోధనుడు బుగ్గలకి రంగు పూయించుకుంటూ, పెదాలు దిద్దించుకుంటూ, అద్దం వదలకుండా "ఒరేయ్, నా మీసం సరిగ్గా అతికిందేమో చూడరా" అని ద్రౌపదిని బతిమాలుతుండేవాడు. ద్రౌపదిది సొంత మీసం, గీసేసుకున్నాడు. దుర్యోధనుడిది క్రేపు మీసం, జిగురుతో నిలబడాలి. ఈ సాక్ష్యాన్ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

ముందు హాలీవుడ్ ఫైలు. 1934 నుంచి అక్కడ సినిమాలకు ఒక నియమావళి కచ్చితంగా అమలైంది. అందులో స్వలింగ ప్రేమికుల్లాంటి ఫలానా తరహా మనుషుల ఊసే తెర మీద రాకూడదని నిషేధం. ఊసు రాకూడదు సరే, వాసన రావచ్చుగా? 1941లో వచ్చిన 'మాల్టీస్ ఫాల్కన్'లో ఒక దుష్టపాత్ర ఇచ్చే విజిటింగ్ కార్డు గార్డీనియా పూల వాసన వేస్తుంది. అంతే, ప్రేక్షకుడికి అర్థమైపోయింది. మంచివాళ్ళను అలా చూపిస్తే సెన్సారు ఊరుకోదు. విలన్‌ని చూపిస్తే ఎలాగూ చివర్లో శిక్ష పడుతుంది కాబట్టి ఏ గొడవా లేదు. నియమావళి పోయినా అలవాటు పోలేదు. 1989లో డిస్నీ వాళ్ళు జలకన్య కథ తీస్తూ అందులోని సముద్రపు మంత్రగత్తెకి ఆడవేషాల నటుడు డివైన్ రూపురేఖలే తెచ్చి పెట్టారు. నూరేళ్ళకు పైగా సురభి వాళ్ళ తెర మీద చేతులూపిన రాక్షసులెవరూ ఇంత ఒయ్యారంగా ఊపలేదు.

కమిషన్ ప్రాథమిక నిర్ధారణ: విలన్ అనగా చాలినంత మగవాడు కానివాడు. మేనకోడలి స్నేహితులు ఇరుపక్షాలూ రైటే. కేసు మూసేయొచ్చు.

మూసేయబోతుండగా ఒక సాంకేతిక చిక్కు వచ్చింది. చాలినంత మగవాడంటే ఎంత? బియ్యానికి సోల ఉంది, గుడ్డకు గజం ఉంది. మగతనానికి కొలత ఏది? ప్రభుత్వ స్థాయిలో ఈ కొలత తయారుచేసిన దేశమేదైనా ఉందా అని వెతికితే, ఉంది. ముస్సోలినీ గారి ఇటలీ.

అక్కడ 1927 నుంచి బ్రహ్మచారుల మీద పన్ను. 25 నుంచి 65 ఏళ్ళ లోపు పెళ్ళికాని మగాడు ప్రతి ఏడూ కట్టాలి. పాదిరీలకు మినహాయింపు. నడివయసులో పన్ను ఎక్కువ, యాభై దాటితే తక్కువ. పాతబడిన సరుకు మీద తగ్గింపన్నమాట. ఎంత శాస్త్రీయం!

ఆయన చొక్కా విప్పి గోధుమలు నూర్చాడు, చొక్కా విప్పి మంచు మీద స్కీయింగు చేశాడు. ఫొటోగ్రాఫర్లు మాత్రం వెచ్చగా కోట్లు వేసుకునే తీసుంటారు. ఆయన తాతయ్యాడన్న సంగతి పత్రికలు రాయకూడదు. కడుపులో పుండు గురించి రాయకూడదు. కళ్ళజోడుతో ఫొటో వెయ్యకూడదు. రాత్రిళ్ళు ఆయన ఆఫీసు గదిలో దీపం వెలుగుతూ ఉండేది, నాయకుడు నిద్రపోడని జనం అనుకోవాలిగా. ఇన్ని ఏర్పాట్లు మా ఊరి దుర్యోధనుడికి లేవు. ఆయనకి ఒక జిగురు సీసా, ఒక అద్దం, అంతే.

ముస్సోలినీ ఫాసిస్టు పార్టీ కార్యదర్శి స్టరాచే గారు ఇంకో మెట్టు పైన. కరచాలనం మెతకదనమని చెయ్యి చాచి సెల్యూట్ పెట్టించాడు. బొజ్జలున్న పార్టీ పెద్దల చేత నిప్పు వలయాల్లోంచి దూకించాడు. మన సర్కసుల్లో ఆ పని సింహం చేసేది, దానికి కనీసం మాంసం పెట్టేవాళ్ళు.

కమిషన్ మనసు దోచింది మాత్రం వ్యాకరణం. ఇటాలియన్‌లో ఎదుటి మనిషిని గౌరవించి 'మీరు' అనాలంటే 'లేయి' అంటారు. చిక్కేమిటంటే 'ఆమె' అన్నా అదే మాట. మీసమున్న మగాణ్ణి పట్టుకుని 'ఆమె' అంటారా! 1938లో దాన్ని పక్కన పెట్టి 'వోయి' వాడమని ఆజ్ఞ వేశారు. 'లేయి' పేరుతో ఆడవాళ్ళ పత్రిక ఒకటుండేది. అక్కడ ఆ మాటకు 'ఆమె' అనే అర్థం. అయినా అదే ఏడు 'అన్నాబెల్లా'గా పేరు మార్చుకుంది. ఇక గెలీలియో గలిలేయిని 'గలివోయి' అనాలేమో అని జనం చాటుగా నవ్వుకున్నారు. సర్వనామాల గురించి ఈ కాలపు పిల్లలు పేచీ పెడుతున్నారని గోల పెట్టే పెద్దలు గమనించగలరు. ఆ పేచీ పోలీసుల్ని వెంటబెట్టుకుని మొదలుపెట్టింది వీళ్ళ అభిమాన మగధీరులే.

ముస్సోలినీకి తెలుగు రాకపోవడం మన అదృష్టం. చిన్నయసూరి లెక్కలో పురుషుడు మహత్తు. ఆడమనిషి ఒక్కతే అయితే అమహత్తు: ఆవు వచ్చింది, బండి వచ్చింది, సీత వచ్చింది. అదే ఇద్దరు ఆడవాళ్ళు కలిస్తే 'వచ్చారు', చక్కగా మహత్తులైపోతారు. ఈ సూత్రం చూస్తే ముస్సోలినీ ముందు మురిసిపోయి, బహువచనం దగ్గర బెదిరిపోయేవాడు.

ఇటలీలో 1930 నాటి కొత్త శిక్షాస్మృతి రాసేటప్పుడు మగవాణ్ణి మగవాడు ప్రేమిస్తే శిక్ష అని ముందు చిత్తులో రాశారు, తర్వాత కొట్టేశారు. ఇటాలియన్లు అంత వీరపురుషులైతే అలాంటి వాళ్ళు దేశంలో ఎక్కడుంటారు, లేనివాళ్ళకు చట్టమెందుకు అని. 1939లో సిసిలీలోని కతానియా పోలీసులు ఆ లేనివాళ్ళను నలభైమందికి పైగా పట్టుకుని, విచారణా గిచారణా లేకుండా ఆడ్రియాటిక్ సముద్రంలో సాన్ డొమినో అనే దీవికి తోలేశారు. అంటే ప్రభుత్వ ఖర్చుతో, ఆ దేశంలో లేని మనుషులకు ఆ దేశంలోనే ఒక ఊరు ఏర్పాటైంది. రాత్రిళ్ళు తాళం వేసే షెడ్లు, కాపలా, బొటాబొటీ భత్యం. అయినా అక్కడ వాళ్ళు నాటకాలు వేసుకునేవాళ్ళనీ, ఆడవేషం కట్టినా ఏమిటని అడిగేవాడు ఉండేవాడు కాదనీ వాళ్ళలో ఒకాయన ముసలితనంలో చెప్పుకున్నాడు. 1940లో యుద్ధం వచ్చి ఇళ్ళకు పంపేస్తుంటే కొందరు ఏడ్చారట. కమిషన్ ఈ పేజీ దగ్గర కాసేపు ఆగి, టీ చల్లారబెట్టుకుంది.

ఇంతకీ మన వైపు చూస్తే హాలీవుడ్ సూత్రం తిరగబడుతోంది. కీచకుడు, దుర్యోధనుడు, రావణుడు: వీళ్ళలో మగతనం తక్కువైన వాడెవడు? పొంగి పొర్లిపోతుంటే! జడ వేసుకున్నది అర్జునుడు. విరాటపర్వంలో ఉత్తర కుమారుడు అంతఃపురం ఆడవాళ్ళ ముందు కౌరవుల్ని చీల్చి చెండాడేస్తాడు. తీరా సేన కంటపడగానే రథం దూకి పరుగు. జడ ఊగుతుండగా బృహన్నల వెంటపడి, పట్టి రథమెక్కించి, పగ్గాలు వాడికిచ్చి యుద్ధం తను చేసింది. చేశాడు. చేశారు. చిన్నయసూరి గారు కూడా ఇక్కడ తల గోక్కోవాల్సిందే.

1940 అక్టోబరు 28న ముస్సోలినీ గ్రీసు మీదికి దండెత్తాడు. వారాల్లోనే గ్రీకులు తరుముకుంటూ అల్బేనియాలోకి నెట్టేశారు. తర్వాతి ఏడు హిట్లర్ సేన వస్తే గానీ పని కాలేదు. 1945 ఏప్రిల్ 27న కోమో సరస్సు పక్కన డోంగోలో పార్టిజాన్లు, అంటే ఫాసిస్టుల మీద తిరగబడ్డ దళాలవాళ్ళు, జర్మన్ లారీలు సోదా చేస్తే, ఒకదాంట్లో జర్మన్ సైనికుడి ఓవర్‌కోటు, హెల్మెట్ పెట్టుకుని ఒక పెద్దమనిషి ముడుచుకుని కూచున్నాడు. ఇరవై రెండేళ్ళు ఇటాలియన్ మగవాడి నమూనాగా నిలబడ్డ మనిషికి ఆఖరి వేషం పరాయి దేశపు అద్దె కోటు.

నివేదిక ఎప్పుడిస్తావని మేనకోడలు మెసేజ్ మీద మెసేజ్. మూడు నెలలు గడువు పొడిగించమని నాకు నేనే దరఖాస్తు పెట్టుకుని, నేనే మంజూరు చేసుకున్నాను. పక్కన పెట్టిన ఆ సాక్ష్యం ఒకటి మిగిలిపోయింది మరి.

ఆ రాత్రి సభాపర్వం సీను. నిండు సభలో దుర్యోధనుడు తొడ చరిచి పద్యం ఎత్తుకున్నాడు. పెట్రోమాక్సు లైట్ల వేడికి చెమట పట్టి, రెండో పాదం దగ్గర ఎడమ మీసం ఊడి పెదవి మీద వేలాడింది. మొదటి వరసలో పిల్లలం కిసుక్కున నవ్వాం. దుశ్శాసనుడు జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తున్న ద్రౌపది అది చూశాడు. ఏడుస్తూనే వాణ్ణి విదిలించుకుని, "ఓరీ దురాత్మా" అంటూ మీదికెళ్ళి, శపిస్తున్నట్టు చెయ్యెత్తి, బొటనవేలితో ఆ మీసాన్ని అదిమి పట్టాడు. జిగురు పట్టేదాకా అలాగే నిలబడి, పద్యంలో మరో రెండు పాదాలు సొంతంగా కలిపి పాడాడు.