పాత ట్రక్కులో కంప్యూటర్ పెడితే పాపమా?

మా 1972 షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కుకి కంప్యూటర్‌తో నడిచే 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేశానని చెప్పిన దగ్గర్నుంచి సుద్దులు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. "పాత బండికి కంప్యూటరేంటి? ఒక్క వైరు ఊడితే రోడ్డు మీద నిలబడతావ్. హాయిగా 700ఆర్4 వేసుకోక!" అని. (కంప్యూటర్ అక్కర్లేని పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అది.)

అసలెందుకు మార్చానంటే, పాత గేర్‌బాక్స్ టర్బో 350. అదీ ఆటోమేటిక్కే, మూడే గేర్లు. గట్టిదే, కాదనను. కానీ వెనక యాక్సిల్ రేషియో 3.73 (చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్‌షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి), టైరు ఎత్తు 28 అంగుళాలు. డాలస్ నుంచి ఆస్టిన్ వైపు ఐ-35 ఎక్కి 70 మైళ్ల స్పీడులో పోతే ఇంజన్ 3,100 ఆర్‌పీఎం మీద ఉంటుంది. పక్కనున్న మా ఆవిడ మాట నాకు వినపడదు (అది లాభమేగా అన్న జోకు ఇప్పటికే చాలామంది వేశారు, మీరు వద్దు). కొత్తదాంట్లో నాలుగో గేరు రేషియో 0.70. అదే స్పీడుకి 2,200. మొదటి గేరు 2.52 నుంచి 3.06 అయింది కాబట్టి సిగ్నల్ దగ్గర లాగుడు కూడా పెరిగింది.

ఇవే గేర్లు 700ఆర్4లోనూ ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. 1982లో వచ్చిన ఆ గేర్‌బాక్సునే జీఎం (షెవ్రొలే వాళ్ల మాతృసంస్థ జనరల్ మోటార్స్) 1993లో ఎలక్ట్రానిక్ చేసి 4ఎల్60ఈ అంది. "కంప్యూటర్ లేదు, టెన్షన్ లేదు" అనేవాళ్లు 700ఆర్4కి ఉండే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సంగతి మాత్రం ఎత్తరు. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో కార్బొరేటర్ దగ్గర్నుంచి గేర్‌బాక్సుకి చెప్పేది ఆ తీగే. అది వదులైతే లోపల ఆయిల్ ప్రెషర్ చాలదు, క్లచ్ ప్లేట్లు జారి మాడిపోతాయి. వార్నింగ్ లైటు వెలగదు, ఎర్రర్ కోడు రాదు. దీన్ని నమ్మి నేను టెన్షన్ లేకుండా పడుకోవాలా?

నా దాంట్లో ఆ పని కార్బొరేటర్‌కి తగిలించిన సెన్సర్ చేస్తుంది. ఆయిల్ ప్రెషర్‌ని చూసుకునే సోలినాయిడ్‌కి (కరెంటుతో పనిచేసే వాల్వ్) కరెంటు పోతే ప్రెషర్ తగ్గదు, ఫుల్లుకి పోతుంది. గేర్లు మార్చే షిఫ్ట్ సోలినాయిడ్లు రెండూ ఆగిపోతే బండి మూడో గేరులో ఉండిపోతుంది. కరెంటు పోయినా ఇల్లు చేరేలా కట్టారన్నమాట.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు, అనుభవించాను. బిగింపు ఒక శనాదివారాల్లో అయిపోయింది. బోల్టులు నా షెవ్రొలే స్మాల్ బ్లాక్ ఇంజన్‌కి చక్కగా కూర్చున్నాయి. గేర్‌బాక్సుని కింద మోసే అడ్డపట్టీ (క్రాస్‌మెంబర్) వెనక్కి జరిపి, వెనక యాక్సిల్‌కి వెళ్లే డ్రైవ్‌షాఫ్ట్ పొట్టి చేయించాను. పాత స్పీడోమీటర్ కేబుల్‌కి ఇందులో చోటే లేదు, ఎలక్ట్రిక్ మీటర్ పెట్టాల్సొచ్చింది. వైరింగ్ ఒక్కటే బద్ధకించి ఒక షాపుకిచ్చాను. అదీ నా తప్పు.

వారం తిరక్కుండా ఐ-35 మీద ఢామ్మని కుదుపు. ఆర్‌పీఎం ముల్లు 2,200 నుంచి 3,100కి ఎగిరింది. ఎగ్జిట్ తీసుకుని సిగ్నల్లో ఆగితే, గ్రీన్ పడ్డాక బండి బురదలోంచి లేస్తున్న గేదెలా కదిలింది. మూడో గేరు. వెనకోడి హారన్. అలాగే నెమ్మదిగా ఇంటికొచ్చాను, టో ట్రక్కు పిలవలేదు.

గరాజ్‌లో మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటే గంటలో దొరికింది. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఎర్త్ వైరుని ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు), యాభై ఏళ్ల పెయింట్ మీదే స్క్రూతో బిగించారు ఆ మహానుభావులు! ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆ స్క్రూకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టు పైనే చూపించింది. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది. ఆ వైరు పీకి నేరుగా బ్యాటరీకే లాగాను. మళ్లీ ఆ కుదుపు రాలేదు.

దీనికి కూడా "చెప్పాంగా, ఎలక్ట్రానిక్స్!" అన్నారు మనవాళ్లు. పెయింట్ గీకకుండా ఎర్త్ ఇస్తే హెడ్‌లైట్ కూడా సరిగ్గా వెలగదు కదయ్యా, దానికీ కంప్యూటరేనా కారణం?

బోటు, ట్రెయిలర్ లాగేవాళ్లు 4ఎల్80ఈ చూసుకోండి, అది ఇంకా గట్టిది. నా పాత టర్బో 350 గరాజ్ మూలన ఉంది, కావాల్సినవాళ్లు వచ్చి పట్టుకెళ్లొచ్చు. 700ఆర్4 సలహా మాత్రం తేవద్దు.