పాత బెల్టు, హార్డ్‌వేర్ రాయి స్ట్రెయిట్ రేజర్‌కి పనికిరావు

కొత్తగా స్ట్రెయిట్ రేజర్, అంటే గడ్డం గీసే మడత కత్తి, కొన్న మన విజయవాడ, గుంటూరు కుర్రాళ్ళ ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది: "తోలు పట్టాకి డబ్బు తగలెయ్యకండి, పాత నడుం బెల్టు చాలు. హార్డ్‌వేర్ షాపులో సానరాయి కొని వారానికోసారి నూరుకోండి. పూర్వం మన క్షురకులు చేసిందీ అదే." తోలు పట్టా అంటే కత్తి పదునంచుని, అదే వాదరని, రుద్ది సరిచేసే తోలు పట్టీ. ఈ సలహా నమ్మితే కత్తీ పాడవుతుంది, చెంపా తెగుతుంది.

ముందు రాయి సంగతి. అసలు నష్టం అక్కడే. వన్‌టౌన్‌లోనో పట్నంబజారులోనో అడిగితే చేతిలో పెట్టే కార్బొరండం రాయి కొడవళ్ళకీ గొడ్డళ్ళకీ. దాని నునుపు వైపు కూడా రేజర్‌కి మహా ముతక. రాయి గరుకుని గ్రిట్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు. రేజర్ పని 1000 గ్రిట్ దగ్గర మొదలవుతుంది. రెండు పక్కల వాలూ వాదర దగ్గర కలిసేది అక్కడే. ఆ రాయి పెట్టిన గీతలు పోవడానికి 4000, తర్వాత 8000. చాలామంది 12000 దాకా వెళ్తారు. కత్తిని పడుకోబెట్టి, వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనేలా నూరాలి. కోణం కుదిర్చేది ఆ వెన్నే. అందుకే రాయి బల్లపరుపుగా ఉండి తీరాలి. ముతక రాయి మీద వెన్ను అరిగిందా, ఆ ఉక్కు మళ్ళీ రాదు. సైకిలు మీద వీధిలో సానపట్టే ఆయన కత్తిపీటకి చక్కగా పదును పెడతాడు గానీ, ఆ చక్రం వేడికి రేజర్ పల్చటి వాదర మెత్తబడిపోతుంది. ఇవ్వకండి.

వారానికోసారి నూరడం దేనికి? రోజూ పట్టా మీద సరిగ్గా తీసే కత్తికి నెలల తరబడి రాయి అక్కర్లేదు. కొత్త కత్తి చాలాసార్లు గడ్డానికి సరిపడే పదునుతో రాదు, నిజమే. ఆ మొదటి నూరుడు తెలిసినవాళ్ళ చేత చేయించుకోండి. రాళ్ళు తర్వాత కొనొచ్చు. మొదట కావలసింది పట్టా.

అది నడుం బెల్టు కాదు. బెల్టు ఇరుకు, వంకర, పైన కుట్లు, పూత. పట్టా రెండున్నర మూడు అంగుళాల వెడల్పున, నున్నటి తోలుతో, జతగా కాన్వాస్ గుడ్డతో ఉండాలి. గుడ్డ మీద ఇరవై ముప్పై సార్లు, తోలు మీద యాభై అరవై. వెన్ను ముందు, వాదర వెనక. చివర కత్తిని వెన్ను మీదే తిప్పాలి. వాదర మీద తిప్పితే తోలు తెగుతుంది. పట్టా వేలాడితే వాదర గుండ్రబడుతుంది, బిగించి పట్టుకోండి, కత్తిని నొక్కకండి. కొత్తలో గాట్లు పడతాయి కాబట్టి మొదటి పట్టా చవకదే కొనండి. పదునుకి వాడే ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు రోజూ వాడే తోలుకి పుయ్యొద్దు, దానికి వేరే ముక్క పెట్టుకోండి.

ఇక పూర్వం మాట. పాత క్షురకులు పట్టా మీద తీసేవారు, నున్నటి రాయి మీద నూరేవారు. ఆ చేతులకి ఏళ్ళ సాధన ఉంది. ఇప్పటి క్షౌరశాలల్లో వాడేది బ్లేడు మార్చే కత్తి, దానికి పట్టాతో పనే లేదు.

ఆ సలహాలో లేని జాగ్రత్త ఒకటుంది. మన ఉక్కపోతకి కార్బన్ స్టీలు ఇట్టే తుప్పు పడుతుంది. గడ్డం గీసుకోగానే కత్తిని పొడిగా తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి దాచండి.