ప్రేమతో, మీ రబ్బరు స్టాంపు

మొన్న నా పుట్టినరోజుకి ఒక స్నేహితురాలు కార్డు ఇచ్చింది. ఇచ్చింది అనేకంటే అప్పగించింది అంటే సబబు. రెండు చేతులతో పట్టుకుని, "జాగ్రత్తే, సీతాకోకచిలుక ఇంకా ఆరలేదు" అంటూ అప్పగించింది. నేనూ చంటిపిల్లని అందుకున్నట్టు మెడ కింద చెయ్యి పెట్టి మరీ అందుకున్నాను.

దాన్ని కార్డు అనడానికి నాకు నోరు రావడం లేదు. అడుగున మందపాటి కార్డ్‌స్టాక్. దాని మీద జెస్సో, అంటే సుద్ద కలిపిన తెల్లపూత. దాని మీద స్టెన్సిల్ పెట్టి చిన్న తాపీలాంటి దానితో పూసిన టెక్స్చర్ పేస్టు, అంటే ఆరాక గట్టులా నిలబడే ముద్ద. దాని మీద మూడు రంగుల ఇంకు, ఆ ఇంకు మీద నీళ్లు చిలకరించి అద్దిన మరకలు. ఆ పైన ఫోమ్ టేపుతో ఎత్తుగా అంటించిన పువ్వు, పువ్వు మధ్యలో ముత్యం, పక్కన ఒక పళ్లచక్రం. పువ్వుకీ పళ్లచక్రానికీ ఏం సంబంధమని అడక్కండి. రబ్బరు స్టాంపులతో చేత్తో కార్డులు చేసే ఈ కళలో పళ్లచక్రం ఎవరినీ అడిగి రాదు. బల్ల మీద నిలబెడితే ముందుకి బోర్లా పడింది. కవర్లో పట్టదు. తెరుస్తుంటే మడత దగ్గర చిన్న మూలుగు వినిపించింది.

తెరిచాను. లోపల ఏమీ లేదు.

తెల్లగా ఉంది. నా పేరు లేదు, తన పేరు లేదు, తారీఖు లేదు. రెండు పొరలు గానీ అంటుకుపోయాయేమోనని గోటితో గీకి కూడా చూశాను. చివరికి వెనక్కి తిప్పితే, కింద మూలన బుల్లి అక్షరాల్లో ఉంది: 'హ్యాండ్‌మేడ్ విత్ లవ్'. అది కూడా రబ్బరు స్టాంపే.

అప్పటినుంచీ నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

నేనేదో బయట నిలబడి రాళ్లు వేస్తున్నానని అనుకోకండి. నా బల్ల సొరుగులో 46 ఇంకు ప్యాడ్లున్నాయి. డై ఇంకు కాగితంలోకి ఇంకి తొందరగా ఆరుతుందనీ, పిగ్మెంట్ ఇంకు పైపైనే కూర్చుని తీరిగ్గా ఆరుతుంది కాబట్టి ఆ తడి మీద ఎంబాసింగ్ పౌడరు, అంటే కరిగితే ఉబ్బెత్తుగా గట్టిపడే పొడి, చల్లి హీట్ గన్‌తో కరిగించుకోవచ్చనీ నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వాటర్ కలర్ వేసేట్టయితే కింది బొమ్మని తడికి చెదరని ఆర్కైవల్ ఇంకుతోనే ఒత్తాలి, లేకపోతే కంటి గీత చెంపదాకా జారుతుందని కూడా తెలుసు. రెండుసార్లు జారింది. ఇవన్నీ తెలియబట్టే ఈ కడుపుమంట.

ఈ విద్యలో మొదటి పాఠం కాగితం. ఆమ్లం లేనిది కావాలి, లిగ్నిన్ లేనిది కావాలి. ఎందుకంటే కలపగుజ్జులో ఉండే లిగ్నిన్ వెలుతురు సోకినకొద్దీ పసుపెక్కిపోతుంది, ఆమ్లం ఉంటే కాగితం పెళుసుబారిపోతుంది. అందుకని ఏళ్లు గడిచినా తెల్లగా ఉండే కాగితాన్నే ఏరి కోరి తెచ్చుకుంటాం. ఇక రెండో పాఠం: ఆ కాగితాన్ని నలిపి, అంచులు చించి, గోధుమరంగు ఇంకు రుద్ది, ఏ అటక మీదో నూరేళ్లు పడి ఉన్నదానిలా చెయ్యడం. దీన్ని డిస్ట్రెస్ చెయ్యడం అంటారు. ఆ పేరుతోనే ఇంకులున్నాయి. వాటి రంగుల పేర్లు వినండి: రస్టీ హింజ్, పీల్డ్ పెయింట్, బ్రోకెన్ చైనా, ఫేడెడ్ జీన్స్, వోర్న్ లిప్‌స్టిక్. తుప్పు పట్టిన తలుపు బందు, పెచ్చులూడిన రంగు, పగిలిన పింగాణీ, వెలిసిపోయిన ప్యాంటు, అరిగిన లిప్‌స్టిక్. ఇవన్నీ మా ఇంట్లో ఊరికే ఉండేవి. వాటికింత విలువుందని తెలియక బాగు చేయించుకున్నాం.

సరే, కాగితానికి లేని వయసు తెచ్చిపెట్టడం ఎవరికీ హాని చెయ్యదు. నా గొడవ దాంతో కాదు, సెంటిమెంటుతో.

తెలుగులో సెంటిమెంటంటే కళ్లు తుడుచుకునే వ్యవహారం. మేమంతా కలిసి కార్డులు చేసుకునే బల్ల దగ్గర సెంటిమెంటంటే అక్షరాలున్న రబ్బరు ముక్క. 'థాంక్యూ' ఒక సెంటిమెంటు. 'గెట్ వెల్ సూన్' ఒక సెంటిమెంటు. 'ఆ సెంటిమెంటు కడిగి పెట్టావా?', 'నా సెంటిమెంటు కనబడటం లేదు, నీ డబ్బాలో గానీ కలిసిపోయిందా?', 'ఈ సెంటిమెంటు అరిగిపోయిందే, కొత్తది తెచ్చుకోవాలి' అని రోజూ మాట్లాడుకుంటాం. ఒక్కరూ నవ్వరు.

మొన్న ఆదివారం నలుగురం కూర్చున్నాం. ఒకావిడ చెల్లెలి పెళ్లిరోజుకి కార్డు చేస్తోంది. మూడు గంటలు పట్టింది. పేస్టు, ఇంకు, పువ్వులు అన్నీ అయ్యాయి. "ఇక సెంటిమెంటు ఒక్కటే" అంది. ఆపరేషన్ థియేటర్‌లో కత్తి అడిగినట్టు బల్ల చుట్టూ నిశ్శబ్దం. ఎంత ఖాళీ మిగిలిందో స్కేలు పెట్టి కొలిచారు. అంగుళంన్నర. 'హ్యాపీ యానివర్సరీ' స్టాంపు రెండున్నర అంగుళాలు.

"ఆ పువ్వు పీకెయ్యవే."

"పువ్వు పీకితే కింద పేస్టు పెచ్చులా లేచొస్తుంది."

"పోనీ వట్టి 'లవ్' పెట్టు. బుల్లిది."

"చెల్లెలికి వట్టి లవ్వేంటే, ఏదోలా ఉంటుంది."

"'మిస్ యూ' పడుతుంది."

"వాళ్లుండేది పక్క ఇల్లే."

"అయితే 'థాంక్యూ'. కొలిచాను, అచ్చంగా సరిపోయింది."

"థాంక్యూ ఎందుకే?"

"పెళ్లి చేసుకున్నందుకు."

ఎవరూ నవ్వలేదని మళ్లీ మనవి చేస్తున్నాను. ఆ వాదన నెగ్గింది. ఒక అక్క తన పాతికేళ్ల బంధాన్నంతా అంగుళంన్నరలో పట్టిందే చెప్పాలని నలుగురు పెద్దమనుషులం తీర్మానించాం.

అప్పుడు మిస్టీ బయటికొచ్చింది. తెలియనివాళ్లకి చెబుతున్నాను, అది తలుపున్న పలక. స్టాంపు తలుపుకి అంటుకుంటుంది, కార్డు పలక మీద అయస్కాంతాల కింద పడుకుంటుంది. ఒకసారి సరిగ్గా పడకపోతే ఇంకు రాసి మళ్లీ అక్కడే ఒత్తొచ్చు. 'మోస్ట్ ఇన్‌క్రెడిబుల్ స్టాంప్ టూల్ ఇన్వెంటెడ్' అన్న మాటల మొదటి అక్షరాలు కలిపి దానికా పేరు పెట్టారు. వినయం తప్ప అన్నీ ఉన్న పరికరం. ఇంకు రాశారు, తలుపు మూశారు, ఊపిరి బిగబట్టారు, తెరిచారు. 'థాంక్' బ్రహ్మాండంగా పడింది. 'యూ' మాత్రం పేస్టు గట్టుకీ గట్టుకీ మధ్య పల్లంలో మాయమైంది. మళ్లీ ఒత్తారు. పల్లం పల్లమే. మూడోసారి ఎవరో బొటనవేలితో గట్టిగా అదిమేసరికి 'థాంక్' కూడా అలికిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు. మొదటిసారి ఆ బల్ల మీద అసలు సెంటిమెంటు కనిపించింది.

"పర్లేదే, దాని మీద సీతాకోకచిలుక అంటించెయ్" అన్నారు.

నా కార్డు మీద సీతాకోకచిలుక ఎందుకుందో అప్పుడర్థమైంది. మీ దగ్గరున్న కార్డులు ఒకసారి తీసి చూసుకోండి. రెక్క ఎత్తి చూస్తే కింద ఏ మాట అలికిపోయి ఉందో.

ఉండబట్టలేక ఒక మాట అన్నాను. "అంగుళంన్నర సరే, లోపలంతా ఖాళీయేగా. పెన్నుతో నాలుగు ముక్కలు రాసెయ్యవే." ముగ్గురూ నా వంక చూశారు. తడి కార్డు మీద తుమ్మినా అలా చూడరు.

"నా చేతిరాత బాగుండదే. కార్డు పాడైపోతుంది" అంది.

చేత్తో రాస్తే చేత్తో చేసిన కార్డు పాడైపోతుందట.

ఆవిడని ఒక్కదాన్నీ అనడం న్యాయం కాదు. ఈ జబ్బుకి మూలం పాతదే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి మొదటి క్రిస్మస్ కార్డు అచ్చు వేయించాడు. బొమ్మ వేసింది జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ. 1000 కాపీలు. ఇంతకీ ఎందుకు వేయించాడు? పండగకి కుప్పలుగా వచ్చిపడుతున్న ఉత్తరాలకి కూర్చుని జవాబులు రాయలేక. ఉత్తరాలు చవగ్గా అందాలని ఒక్క పెన్నీకే ఉత్తరం చేర్చే పెన్నీ పోస్టు పనిలో సాయంపట్టిన మనిషే, తీరా అవి తన గుమ్మానికి వచ్చేసరికి ఈ ఉపాయం కనిపెట్టాడు. శుభాకాంక్షలు అచ్చులో ఉంటాయి, ఎవరికి, ఎవరినుంచి అని రెండు ఖాళీలు నింపితే చాలు. మరుసటి ఏడాదే, 1844లో, అమెరికాలో చార్లెస్ గుడియర్ అనే ఆయన గంధకం కలిపి రబ్బరుని గట్టిపరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కాలక్రమంలో ఆ బద్ధకమూ ఈ రబ్బరూ మా బల్ల మీద కలుసుకున్నాయి. అయినా కోల్‌గారిని మెచ్చుకోవాలి, ఆ రెండు ఖాళీలైనా పెన్నుతో నింపమన్నాడు. మేము అది కూడా మానేశాం.

చేతిరాత బాగుండదంటుందే, ఆవిడ కార్డు మీద పువ్వుల వెనక పరిచిన నేపథ్యమంతా చేతిరాతే! స్క్రిప్ట్ స్టాంపు అని ఒకటుంది. ఎవరో ఎప్పుడో ఇంకుపెన్నుతో వంపులు తిప్పుతూ రాసిన అక్షరాలని రబ్బరు మీదికి ఎక్కించి అమ్ముతారు. అది చదవడానికి కాదు, టెక్స్చర్‌కి. అడ్డంగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి, సగం పడేట్టు ఒకసారి ఒత్తుతాం. నా దగ్గరున్న దాన్ని ఒకరోజు భూతద్దం పెట్టి చదవబోయాను. 'మై డియర్' దాకా వచ్చి తర్వాత రబ్బరు అంచు. ఆ డియర్ ఎవరో, ఏమైపోయారో. మన రాత పనికిరాదు, పరాయి ఉత్తరం మాత్రం వాల్‌పేపర్‌గా పనికొస్తుంది.

కాన్వాసుల సంగతి ఇంకా ఘోరం. పాత పుస్తకం పేజీలు చించి అంటిస్తాం, ఎవరూ చదవకుండా వాటి మీద జెస్సో కొడతాం, ఆ పైన పెద్దక్షరాలతో 'డ్రీమ్' అనో 'బిలీవ్' అనో ఒత్తుతాం. రాసిన వాక్యాలన్నీ చెరిపి ఆజ్ఞలు జారీ చెయ్యడమన్నమాట. 1919లో జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ అనే కళాకారుడు వీధిలో దొరికిన ట్రామ్ టికెట్లూ ప్రకటన ముక్కలూ ఏరుకొచ్చి కొలాజ్‌లు అంటించాడు. రబ్బరు స్టాంపులు కూడా వాడాడు మహానుభావుడు. కానీ ఆ టికెట్ మీద ఎవరో ఒకరు ఎక్కడికో వెళ్లి వచ్చారు. ఇప్పుడు అదే టికెట్ పాతదానిలా అచ్చువేసి, ఎఫెమెరా అని పేరు పెట్టి ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఎక్కని ట్రాము, దిగని ఊరు. నా దగ్గర రెండు ప్యాకెట్లున్నాయి.

మా నాన్న పోయినప్పుడు నాకు ఏడు కార్డులొచ్చాయి. అన్నీ మా బల్ల తాలూకు మనుషులవే. అన్నీ బాగున్నాయి. బూడిదరంగు ఇంత చక్కగా కలిసిపోవాలంటే బ్రష్షుతో ఎంతసేపు గుండ్రంగా తిప్పాలో నాకు తెలుసు. ఆరింటి మీద 'విత్ సింపతీ'. ఏడోదాని మీద వెండి పౌడరు కరిగించి, 'నో వర్డ్స్'. మాటలు లేవట! మాటలు లేవన్న మాట కూడా సొంతం కాదు, దానికీ ఒక స్టాంపు. లోపల ఏడింటికి ఏడూ తెలుపు.

ఏం, మీరు ఆయన్ని ఎరగరా? ఏళ్ల తరబడి మా ఇంటికి వచ్చిపోయారే, తలుపు తీసింది ఎవరు? హీట్ గన్ పట్టుకుని పౌడరు ఎక్కడ కరిగిందా, ఎక్కడ కరగలేదా అని కళ్లు చికిలించుకుని చూసే ఓపిక ఉంది గానీ, ఆయన పేరు ఒక్కసారి కాగితం మీద రాసే తీరిక లేదా? పేరు! మూడక్షరాలు! వంకరగా రాస్తే ఏమైపోతుంది? తప్పు రాస్తే ఏమైపోతుంది? ఆ రోజు నేను మార్కులు వెయ్యడానికి కూర్చున్నానా?

దాచుకున్నది ఎనిమిదోది. రూళ్ల నోటుబుక్కులోంచి చించిన కాగితం, చించినవైపు పళ్లుపళ్లుగా ఉంది. నీలం బాల్ పెన్ను. 'మీ నాన్నగారు ఒకసారి దారిలో ఆగి నా సైకిల్ చైను ఎక్కించారు. కర్చీఫ్ ఇస్తే వద్దని, చేతుల మసి గడ్డికి తుడుచుకున్నారు' అని రాశాడు, పెద్దగా పరిచయం లేని ఒకబ్బాయి. 'తుడుచుకున్నారు' దగ్గర ఒకసారి కొట్టేసి మళ్లీ రాశాడు. కర్చీఫ్‌కి వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్ను ఆగినచోట ఇంకు చుక్క కట్టింది. ఈ సైకిల్ సంగతి మా నాన్న ఎప్పుడూ చెప్పలేదు. ఆ కాగితం లిగ్నిన్ ఉన్న రకమే. ఎవరూ ఇంకు రుద్దకుండానే అంచులు పసుపెక్కాయి.

సరే. పుట్టినరోజు కార్డుకి జవాబివ్వాలి కదా. ఈసారి మర్యాదగా సాదా కార్డు చేసి, లోపల నిండా రాద్దామని కూర్చున్నాను. సాదా అంటే మరీ సాదా కాదు, కొంచెం పేస్టు పూశాను, రస్టీ హింజ్ కాస్త రుద్దాను, మూలన పళ్లచక్రం ఒకటి వచ్చి కూర్చుంది. లోపలి పేజీ తెరిచి పెన్ను కోసం చూశాను. సొరుగంతా బోర్లించాను. 46 ఇంకులున్నాయి, రాసే పెన్ను ఒక్కటీ లేదు. చివరికి వైట్ జెల్ పెన్ను దొరికింది, స్టాంపు బొమ్మల కళ్లలో మెరుపు చుక్క పెట్టడానికి వాడేది. దాంతోనే రాశాను. 'లోపల ఏమీ రాయలేదేమే? నాకు నీ మాట కావాలి' అని మొదలుపెట్టి పేజీ నిండా, తెల్ల కాగితం మీద తెల్లగా. దీపం దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ప్రతి అక్షరం కనిపిస్తోంది.

మర్నాడు ఫోన్ చేసింది.

"కార్డు అదిరిందే! ఆ పళ్లచక్రం ఎక్కడ కొన్నావు?"