ఆరు మిల్లీమీటర్ల పెద్దరికం

మొన్నొక పెళ్లికి వెళ్తే వధూవరుల కన్నా ముందు నా కారు మీద అక్షింతలు పడ్డాయి. ఫంక్షన్ హాల్ గేటు దగ్గర దిగానో లేదో, మొదటి బంతిలోనే భోజనం ముగించుకుని బయటికొస్తున్న మా పెద్దమామయ్య తాంబూలం సంచిని ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో కారు టాపు మీద రెండుసార్లు తట్టాడు. సంతలో గేదె వీపు తట్టినట్టు. "ఇంకా ఇదేనేంట్రా?" అన్నాడు. అవునన్నాను. "ఆ డబ్బులకి పెద్ద బండి వచ్చేది కదరా!"

ఈ మాట నాకు కొత్త కాదు. 2016లో కారు ఇంటికి తెచ్చినప్పుడు, టైర్ల కింద నిమ్మకాయలు చితికిన చప్పుడు చెవుల్లో ఉండగానే మొదటిసారి విన్నాను. ఆ తర్వాత గృహప్రవేశాల్లో విన్నాను, బారసాలల్లో విన్నాను, ఒకచోట పదోరోజు కర్మలో కూడా విన్నాను. పోయినాయన గురించి రెండు మంచి మాటలు అయ్యాక మూడోది ఇదే. ఈ శతాబ్దంలో తెలుగుజాతి మొత్తం ఒక్క మాట మీద నిలబడిన విషయం ఏదైనా ఉందంటే, నేను పెద్ద బండి కొనుక్కోవాల్సిందన్నదే. రాష్ట్రం రెండైనా ఈ మాట మాత్రం రెండు కాలేదు.

నేను చేసిన నేరం పేరు ఫియట్ అబార్త్ పుంటో. 2015 అక్టోబరులో మన దేశంలో విడుదలైంది. షోరూం ధర పది లక్షలకు ఐదు వేలు తక్కువ. పైకి మామూలు పుంటోనే. లోపల 1.4 లీటర్ల టర్బో ఇంజను, 145 హార్స్‌పవర్. ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. అరటికాయ బజ్జీ అనుకుని కొరికితే మిరపకాయ బజ్జీ అవడం లాంటిదన్నమాట. ఈ జాతికి పేరు తెచ్చింది 1976లో జర్మనీలో అమ్మకానికొచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. దానికున్నది 110 హార్స్‌పవర్. ఐదు వేల కార్లు అమ్ముడైతే చాలనుకుని మొదలుపెడితే లక్షల్లో అమ్ముడయ్యాయి. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, సాయంత్రం కూరగాయలు మోసుకొచ్చే బండే, మధ్యలో ఖాళీ రోడ్డు దొరికితే గిత్తలా దూకడం అక్కడి జీతగాళ్లకు తెగ నచ్చింది. అక్కడ మామయ్యలు లేరేమో.

ఆ గోల్ఫ్ జీటీఐ మన దగ్గరికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 2025లో మొదటి విడతగా 150 కార్లు తెచ్చారు, ఒక్కోటి దాదాపు 53 లక్షలు. ధర బయటపెట్టక ముందే అన్నీ బుక్కైపోయాయి. ఆ 150 మందిని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. పది లక్షలకే నన్ను ఇంతగా వాయించారు. వాళ్ల మామయ్యలు ఫార్చ్యూనర్‌తో మొదలుపెడతారు.

నా కారు ముందు భాగాన తేలు బొమ్మ ఉంటుంది. అబార్త్ గుర్తు అది. వాహన పూజ రోజు పూజారి గారు బానెట్ మీద కుంకుమ పెట్టబోయి, తేలును చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కంపెనీ పెట్టిన కార్లో అబార్త్ 1908 నవంబరు 15న పుట్టాడనీ, ఆయనది వృశ్చిక రాశనీ, అందుకే తేలనీ విన్నవించుకున్నాను. "నక్షత్రం?" అన్నారాయన. వియన్నాలో పుట్టినాయన నక్షత్రం నాకెలా తెలుస్తుంది? జ్యేష్ఠ అని చెప్పి గట్టెక్కాను.

ఈ అబార్త్ గారి గురించి మా బంధువులందరికీ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 1965లో, దగ్గర దగ్గర అరవై ఏళ్ల వయసులో, ఆయన ఇటలీలోని మోంజా రేసు ట్రాక్ మీద రికార్డు కొడదామనుకున్నాడు. రేసు కారేమో ఒక్కరు కూర్చునేది, ఇరుకు. ఈయనేమో భారీ మనిషి. ఏం చేశాడు? యాపిల్ పళ్లు తిని 30 కిలోలు తగ్గాడు. తగ్గి, అందులో పట్టి, రికార్డు కొట్టి బయటికొచ్చాడు. కారు చాలకపోతే మనిషి చిక్కాడండీ! మనకు అలాంటి ఇబ్బందే లేదు. పొట్ట స్టీరింగుకి తగిలితే షోరూంకి వెళ్తాం.

ఇక అసలు కథ. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక ఆదివారం అసోసియేషన్ మీటింగు. ప్రెసిడెంట్ గారు రిటైర్డ్ ఇంజనీరు. ఆ మధ్యనే ఆయన పెద్ద బండి తీసుకున్నారు. కాంపాక్ట్ ఎస్‌యూవీ. పేరు చెప్పను, మీ సెల్లార్‌లో కూడా నాలుగు ఉంటాయి. ఎజెండాలో మూడో అంశం: చిన్న కార్లన్నీ పిల్లర్ల పక్కనున్న ఇరుకు స్లాట్లకి మారాలి, పెద్ద బండ్లకి విశాలమైన స్లాట్లు ఇవ్వాలి. మా సెల్లార్‌లో చిన్న కార్లు రెండే. ఒకటి నాది, రెండోది గుడ్డ కప్పి పెట్టిన పాత ఆల్టో. దాని యజమాని డల్లాస్‌లో ఉంటాడు. కాబట్టి ఈ తీర్మానం ఎవరి కోసమో ప్లాస్టిక్ కుర్చీలకు కూడా అర్థమైంది.

"కొలుద్దామండీ" అన్నాను.

కొలవడమన్నది ఇంజనీరు గారిలో నిద్రపోతున్న మనిషిని లేపింది. నాలుగో అంతస్తులో కబోర్డులు చేస్తున్న వడ్రంగి దగ్గర్నుంచి టేపు వచ్చింది. బంపర్లు గుండ్రంగా ఉంటాయి కాబట్టి టేపు నేరుగా పట్టకూడదనీ, ముందూ వెనకా నిలువు గీత దించాలనీ ఆయన సెలవిచ్చారు. పక్క సైట్ నుంచి మేస్త్రీ గోడ నిలువు చూసుకునే దారం, గుండు తెప్పించారు. వాచ్‌మన్ ఒక చివర, వడ్రంగి ఇంకో చివర. పిల్లలు క్రికెట్ ఆపి వచ్చారు. రెండో అంతస్తు మేడమ్ గారు టీ పంపించారు.

నా కారు: 3,989 మిల్లీమీటర్లు. కంపెనీ పుస్తకంలో ఉన్నదీ అదే.

ఆయన బండికి వచ్చేసరికి కొంత ఆలస్యమైంది. బంపర్ మీద దుమ్ముందని తుడిపించారు. తుడిస్తే తగ్గుతుందేమో అన్న అనుమానం వచ్చి మధ్యలో ఆపించారు. గాలికి గుండు ఊగుతోందని అందర్నీ కదలొద్దన్నారు. సెల్లార్‌లో గాలా అని ఎవరూ అడగలేదు. అంత నిశ్శబ్దం నేను జాతీయ గీతానికి కూడా చూడలేదు. చివరికి వడ్రంగి కళ్లద్దాలు సవరించుకుని చదివాడు: 3,995.

"తేడా ఎంత?" అన్నారు ప్రెసిడెంట్ గారు, లెక్క తెలియక కాదు.

"ఆరు" అన్నాను.

"ఆరు సెంటీమీటర్లా?"

"మిల్లీమీటర్లండీ."

నా ఫోను తీసి అడ్డంగా పట్టుకుని చూపించాను. దాని మందమే ఎనిమిది ఉంటుంది. టీ కప్పులు తీసుకుపోవడానికొచ్చిన రెండో అంతస్తు మేడమ్ గారు తొంగి చూసి, "మా అత్తగారు పోసే పెసరట్టు ఇంతకన్నా మందం" అన్నారు. మళ్లీ కొలిపించారు. మళ్లీ ఆరే. మూడోసారి టేపు వదులైపోయిందన్నారు. వడ్రంగి నొచ్చుకుని టేపు చుట్టేసుకుని వెళ్లిపోయాడు. ప్రెసిడెంట్ గారు కుర్చీలో కూర్చుని, కాసేపు ఆలోచించి, "పొడవులో ఏముందండీ, రోడ్ ప్రెజెన్స్ ముఖ్యం" అన్నారు.

ఈ 3,995 బ్రహ్మ రాసింది కాదు, మన ఆర్థిక శాఖ రాసింది. 2006 బడ్జెట్లో చిన్న కారంటే నాలుగు మీటర్లు దాటనిదని గీత గీసి, వాటికి సుంకం తగ్గించారు. అప్పట్నుంచి మన దేశంలో చాలా బండ్లు ఆ గీతకి అయిదు మిల్లీమీటర్ల ఇవతల ఆగిపోతున్నాయి. లక్ష్మణరేఖ దాటని సీతమ్మల్లా. 2025 సెప్టెంబరు 22 నుంచి లెక్క ఇదీ: పెట్రోలు బండి పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1,200 సీసీ దాటకపోతే జీఎస్టీ 18 శాతం, దాటితే 40. నా కారు ఇంజను 1,368 సీసీ. నేను కొన్న రోజుల్లో ఎక్సైజ్ సుంకం ఉండేది కానీ సూత్రం ఇదే. అంటే ప్రెసిడెంట్ గారి పెద్ద బండి ప్రభుత్వం దృష్టిలో చిన్న కారు. పిల్లర్ పక్కకి పొమ్మంటున్న నా చిన్న కారు ప్రభుత్వం దృష్టిలో పెద్ద కారు, పైగా విలాస వస్తువు. పెద్ద కారు పన్ను కట్టి చిన్న కారు మర్యాదతో బతుకుతున్నవాణ్ణి నేను.

ఈ విలాసం రోజూ ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ ఫస్ట్ గేరు. నా ఎడమ కాలు కుడి కాలి కన్నా లావైంది. సిటీలో లీటరుకి తొమ్మిది ఇస్తుంది. పెట్రోలు బంకులో కుర్రాడు అడిగితే పద్నాలుగని చెప్తాను, మా ఆవిడ పక్కనుంటే పదహారు. ఆదివారం తెల్లారకుండా వికారాబాద్ దాటి అనంతగిరి కొండ మలుపుల్లోకి వెళ్తే మాత్రం సెకండ్ గేరులో టర్బో అందుకునే ఆ క్షణానికి ఇవన్నీ చెల్లు. వెనక సీట్లో మా అమ్మాయి "నాన్నా, ఇంకోసారి" అంటుంది. మామయ్య తట్టిన టాపు కిందే.

ప్రెసిడెంట్ గారి చివరి అస్త్రం ఎత్తు. "మన రోడ్లకి ఎత్తు బండే కరెక్టండీ. మీది కింద తగలట్లేదూ?"

తగులుతుంది. నా కారుకి కిందనున్న జాగా 155 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేలా, మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా ఉండాలి. ముందు బోర్డు, మీద తెల్ల గీతలు ఉండాలి. అలాంటిదైతే నా కారు తల వంచి దణ్ణం పెట్టి దాటిపోతుంది. మెయిన్ రోడ్డు నుంచి మా గేటుకి 700 మీటర్లు. ఆ మాత్రం దూరంలో పదకొండు దిమ్మలున్నాయి. ఎవరి ఇంటి స్లాబులో కాంక్రీటు మిగిలితే వాళ్లు పొద్దుగూకాక తమ గేటు ముందు పోసుకున్నవి. ఒకదాని మీద కుక్క అడుగులు కూడా అచ్చుపడి ఉన్నాయి. ఆ పనికి క్వాలిటీ చెకింగ్ చేసింది అదొక్కటే.

నా కారు ఇంజను కింది ఛాంబర్ గీసుకుంటే పోయేది నా డబ్బే, ఏడుస్తూ కట్టుకుంటాను. పోయిన వానాకాలం రాత్రి పదింటికి ఆ దిమ్మల్లో ఒకదాని మీద స్కూటీ ఎగిరిపడింది. రంగు లేదు, లైటు లేదు, పైన నీళ్లు నిలిచి ఉన్నాయి. డ్యూటీ దిగి ఇంటికి పోతున్న పిల్ల. చెంప చీరుకుపోయి, చున్నీ నెత్తురైంది. ఎత్తి కూర్చోబెట్టి, నా "చిన్న కారు"లోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మేం బయల్దేరుతుంటే గుంపులోంచి ఒకాయన "చూసుకుని నడపాలమ్మా" అన్నాడు. ఆ దిమ్మ పోయించింది ఆయనే. సిగ్గుండాలి కదండీ మనిషికి? వీధి ఆయన అబ్బ సొత్తా? గుంట పడితే పూడ్చమని అడగరు, దిమ్మ లేస్తే తియ్యమని అడగరు, లోను పెట్టి రెండంగుళాలు ఎక్కువ ఎత్తున్న బండి కొనుక్కొస్తారు. గుంట ఇంకా లోతైతే ఇంకో బండి. ఎక్కి కూర్చున్నాక రోడ్డు బాగానే ఉందంటారు. ఉంటుంది మరి, అంత ఎత్తున! కింద స్కూటీ మీద పోయేవాడి వెన్నుపూసకి ఈఎంఐ ఎవడు కడతాడు? ఆటోలో కూర్చున్న నిండు గర్భిణికి ఏ వేరియంట్ తీసుకోమంటారు?

ఇదంతా మీటింగులో అరిచాను. గొంతు పట్టేసింది. ప్రెసిడెంట్ గారు నోట్ చేసుకున్నామన్నారు. స్లాట్ల మార్పు వాయిదా పడింది.

మర్నాడు వాట్సాప్ గ్రూపులో తీర్మానం వచ్చింది. వీధి భద్రత గురించి ఒక సభ్యుడు వ్యక్తం చేసిన ఆందోళన దృష్ట్యా, మన గేటు ముందు కూడా ఒక స్పీడ్ బ్రేకర్ వేయించాలని నిర్ణయించారట. ఫ్లాటుకి 500. కింద ముప్పై రెండు దణ్ణాలు, నాలుగు చప్పట్లు.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మేస్త్రీ తాపీతో నునుపు చేస్తున్నాడు. కారు దూరంగా ఆపి, దిగి, దీని ఎత్తెంత అని అడిగాను.

"భయపడకండి సార్" అన్నాడు. "ప్రెసిడెంట్ గారి బండి తెప్పించి చూశాం. తగల్లేదు."